పాలలోని వెన్న ఎక్కడ పుడుతుంది?

(సభ్య సంఘాల కార్యదర్శులు, పాల పరీక్షకుల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



రోజుకు రెండు పూటలా మీరు వెన్న శాతం చూస్తున్నారు. గెర్బర్ పద్ధతిలో బ్యుటిరోమీటరు తిప్పి చూసినా, ఎలక్ట్రానిక్ యంత్రంలో అంకె చూసి రాసినా, ఆ అంకె మీదనే పక్షం బిల్లు నడుస్తున్నది. సంఘంలో ఏ తగాదా వచ్చినా సగం ఆ అంకె దగ్గరనే మొదలవుతుంది. అయితే ఆ వెన్న పశువు ఒంట్లో ఎక్కడ పుడుతున్నది, ఎందుకు పెరుగుతున్నది, ఎందుకు తగ్గుతున్నది అన్న సంగతి మనం తీరికగా మాట్లాడుకున్నది తక్కువ. అది తెలియక మేమే ఒకసారి పొరపాటు చేశాం. ముందు ఆ సంగతి మనవి చేసి తర్వాత శాస్త్రంలోకి వెళతాం.

మేము చేసిన పొరపాటు

కొన్నేళ్ళ క్రితం ఒక వేసవిలో ఒక సంఘం నుండి మాకు ఫిర్యాదు వచ్చింది. ఒక సభ్యురాలు ఒకే ఒక సంకర జాతి ఆవు పాలు పోస్తుంది. అంతవరకు 4 శాతం వస్తున్న వెన్న మూడు వారాల్లో 2.6కు దిగింది. పాలు మాత్రం తగ్గలేదు. లాక్టోమీటరు రీడింగు తగ్గకపోగా కొంచెం పెరిగింది. నీళ్ళు కలిపితే వెన్న, లాక్టోమీటరు రీడింగు రెండూ పడిపోవాలి. వెన్న పడిపోయి రీడింగు నిలబడిందంటే మీగడ తీసి పోస్తున్నారని మనం నేర్చుకున్న లెక్క. మేము ఆ లెక్కే వేసి, ఆమెకు హెచ్చరిక ఉత్తరం రాయించాం. సంఘంలో అది అందరికీ తెలిసింది.

ఆమె మా దగ్గరకు వచ్చి ఒక్క మాట అన్నది: "అయ్యా, రేపు పొద్దున మా కొట్టానికి రండి. మీ ఎదుటనే పిండుతాను. ఆ పాలు మీరే కొలుచుకోండి."

వెళ్ళాం. పొద్దున, సాయంత్రం రెండు పూటలా మా ఎదుటనే చివరి చుక్క దాకా పిండించి, కలిపి, అక్కడే నమూనా తీశాం. వెన్న 2.7 వచ్చింది. పాలలో దోషం లేదు, ఆమెలో అంతకన్నా లేదు. ఆవు ఇస్తున్న పాలే అవి.

అప్పుడు అడిగాం, మేపు ఏమిటమ్మా అని. గడ్డివాము మాఘమాసానికే అయిపోయిందట. మిల్లు దగ్గర నూకలు, పచ్చి తవుడు చౌకగా దొరికితే రెండు పూటలా నూకల జావ, తవుడు కడుపునిండా పెడుతున్నదట. గడ్డి రోజుకు రెండు మూడు పిడికిళ్ళు. ఆవును బాగా చూసుకోవాలనే ఆమె అలా పెట్టింది. ఆ ఆదరణే వెన్నను దింపింది. ఎలా దింపిందో చెప్పాలంటే కొవ్వు ఆమ్లాల కథ చెప్పాలి.

కొవ్వు ఆమ్లం అంటే ఏమిటి?

వెన్న ఒకే పదార్థం కాదని మొదట విడదీసి చూపినవాడు ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు షెవ్రోల్. 1823లో ఆయన జంతువుల కొవ్వుల మీద ప్రచురించిన గ్రంథంలో కొవ్వు అంటే గ్లిజరాలూ, కొన్ని ఆమ్లాలూ కలిసినదని తేల్చాడు. వెన్నలో ఘాటు వాసన గల ఒక ఆమ్లాన్ని కనిపెట్టి దానికి బ్యుటిరిక్ ఆమ్లమని పేరు పెట్టాడు. లాటిన్ భాషలో వెన్నకున్న పేరు నుండే ఆ మాట వచ్చింది. మన బ్యుటిరోమీటరు పేరులో ఉన్నదీ ఆ మాటే.

కొవ్వు ఆమ్లాన్ని ఒక పలుపుతాడు అనుకోండి. ఒక కొసన చిన్న ముడి ఉంటుంది. అది నీటితో స్నేహం చేసే ఆమ్లపు తల. మిగిలిన తాడంతా కర్బన పరమాణువుల గొలుసు, దాని చుట్టూ ఉదజని. ఈ గొలుసుకు నీరంటే గిట్టదు. ఇలాంటి మూడు తాళ్ళను గ్లిజరాల్ అనే ఒక గుంజకు కడితే కొవ్వు అవుతుంది. పాల వెన్నలో నూటికి 97, 98 పాళ్ళు ఇలా మూడేసి తాళ్ళు కట్టిన కొవ్వే.

గొలుసులో నాలుగు కర్బనాలే ఉంటే అది బ్యుటిరిక్ ఆమ్లం. పద్దెనిమిది ఉంటే స్టియరిక్ ఆమ్లం. ఆ పద్దెనిమిదిలోనే నడుమ ఒకచోట రెండు ఉదజనులు తగ్గి వంపు తిరిగితే ఒలియిక్ ఆమ్లం. ఉదజని పూర్తిగా నిండినవాటిని సంతృప్త ఆమ్లాలనీ, తక్కువైనవాటిని అసంతృప్త ఆమ్లాలనీ అంటారు. ఒక్క వంపు ఎంత తేడా తెస్తుందో చూడండి. స్టియరిక్ ఆమ్లం కరగాలంటే సుమారు 69 డిగ్రీల వేడి కావాలి. ఒలియిక్ ఆమ్లం 13 డిగ్రీలకే కరిగిపోతుంది. గట్టి కొవ్వుకూ పారే నూనెకూ తేడా చాలావరకు ఈ వంపులోనే ఉన్నది.

పాల వెన్నలో ఇప్పటికి సుమారు 400 రకాల కొవ్వు ఆమ్లాలను గుర్తించారు. అందులో ఓ పదిహేను రకాలే ఎక్కువ భాగం ఉంటాయి. వంటనూనెల్లో కనిపించని బ్యుటిరిక్ ఆమ్లం పశువుల పాలలో ఉన్నది. అందుకే నేతిలో కల్తీ పట్టడానికి రైకర్ట్ మీసల్ సంఖ్య చూస్తారు. అది ముఖ్యంగా ఈ పొట్టి ఆమ్లాల కొలతే. పత్తిగింజలు దండిగా మేపే ప్రాంతాల్లో స్వచ్ఛమైన నేతికి కూడా ఆ సంఖ్య తక్కువ వస్తుంది. అందుకని అగ్‌మార్క్ వారు పత్తి ప్రాంతాల నేతికి వేరే హద్దులు పెట్టవలసి వచ్చింది. మేత మారితే వెన్న స్వభావమే మారుతుందనడానికి ఇది సర్కారు ముద్ర పడిన సాక్ష్యం.

పెద్ద పొట్టలో జరిగే పని

మనం గడ్డి తిని బతకలేం. ఆవు, గేదె బతుకుతాయి. నిజానికి గడ్డిని అరిగించేది ఆవు కాదు, దాని పెద్ద పొట్టలో కోటానుకోట్లుగా కాపురమున్న సూక్ష్మజీవులు. అవి గడ్డిలోని పీచును పులియబెట్టి ముఖ్యంగా మూడు పొట్టి ఆమ్లాలు తయారుచేస్తాయి: రెండు కర్బనాల ఎసిటిక్ ఆమ్లం, మూడింటి ప్రొపియానిక్ ఆమ్లం, నాలుగింటి బ్యుటిరిక్ ఆమ్లం. గడ్డి ప్రధానంగా మేసే పశువులో వీటి పాళ్ళు ఇంచుమించు 65, 20, 10 ఉంటాయి. మిగిలిన కొద్దిపాటివి ఇతర ఆమ్లాలు. పశువుకు కావలసిన శక్తిలో నూటికి 70 పాళ్ళ దాకా ఈ ఆమ్లాల నుండే వస్తుంది.

ఈ మూడింటికీ మూడు దారులు. ప్రొపియానిక్ ఆమ్లం కాలేయానికి పోయి చక్కెర అవుతుంది. ఆ చక్కెరే పొదుగులో పాల చక్కెరగా మారుతుంది, దాన్ని బట్టే పాల పరిమాణం. ఎసిటిక్ ఆమ్లం రక్తంలో పొదుగుకు చేరి వెన్నకు ముడిసరుకవుతుంది. బ్యుటిరిక్ ఆమ్లంలో చాలా భాగం పొట్ట గోడ దాటేలోపే మరో రూపం పొంది, అది కూడా పొదుగులో వెన్నకు పనికివస్తుంది. ఎసిటిక్ ఆమ్లం నుండి పొదుగు వెన్న చేస్తుందని ఇంగ్లండులో రెడింగ్ దగ్గరి పాడి పరిశోధన సంస్థకు చెందిన ఫోలీ, ఫ్రెంచ్, వారితో కలిసి పోప్యాక్ పాలిచ్చే మేక మీద చూపించి 1951లో ప్రకటించారు. గుర్తు పెట్టిన కర్బనం గల ఎసిటిక్ ఆమ్లాన్ని మేకకు ఇస్తే ఆ గుర్తు పాల వెన్నలో తేలింది.

కనుక మనం తరచు చెప్పే మాటకు ఆధారమున్నది: గింజ పాలనిస్తుంది, గడ్డి వెన్ననిస్తుంది.

పొదుగులో కణం చేసే వంట

పొదుగులో పాలు తయారుచేసే కణం కంటికి కనిపించనంత చిన్నది. దాని లోపల రెండు కర్బనాల ముక్కను ముక్కకు అతికించి గొలుసు పెంచుతారు. నాలుగు, ఆరు, ఎనిమిది, పది అని పదహారు దాకా. అందుకే పాల వెన్నలోని ఆమ్లాలు దాదాపు అన్నీ సరి సంఖ్యలోనే ఉంటాయి. కాల్చేటప్పుడు కూడా కణం రెండేసి కర్బనాలనే కోస్తుంది. ఈ సంగతి 1904లోనే జర్మనీలో నూప్ అనే శాస్త్రజ్ఞుడు కుక్కల మీద ప్రయోగాలతో కనిపెట్టాడు. ఆ రెండు కర్బనాల ముక్కను మోసే కూలీ కో ఎంజైమ్ ఎ. దాన్ని కనిపెట్టిన లిప్‌మన్‌కు 1953లోను, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాల జీవక్రియ మీద పరిశోధనలు చేసిన లినెన్, బ్లాక్‌లకు 1964లోను నోబెల్ బహుమతులు వచ్చాయి.

వెన్నలో దాదాపు సగం ఆమ్లాలు ఇలా పొదుగులోనే తయారవుతాయి. పొట్టివి, నడిమివి అన్నీ ఇక్కడివే. మిగిలిన సగం, అంటే పొడుగు గొలుసులవి, రక్తం నుండి వస్తాయి. అవి మేతలోని నూనె నుండి, పశువు ఒంట్లో దాచుకున్న కొవ్వు నుండి వచ్చినవి.

కణానికి ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులకు నూనె గిట్టదు. మేతలోని అసంతృప్త ఆమ్లాలకు అవి ఉదజని నింపి స్టియరిక్ ఆమ్లంగా మార్చేస్తాయి. అందుకే ఆవు పచ్చిగడ్డి మేసినా వెన్న గట్టిగా ఉంటుంది. అయితే ఆవు ఒంటి వేడి 38, 39 డిగ్రీలే. 69 డిగ్రీలకు గాని కరగని ఆమ్లమే వెన్ననిండా ఉంటే పాలు ఎలా దిగుతాయి? కనుక పొదుగు కణం తన దగ్గరున్న ఒక ఎంజైముతో స్టియరిక్ ఆమ్లంలో చాలా భాగానికి ఒక వంపు పెట్టి ఒలియిక్ ఆమ్లంగా మార్చుకుంటుంది. పొట్టి బ్యుటిరిక్ ఆమ్లం కూడా వెన్నను మెత్తబరుస్తుంది. అందుకే ఒంటి వేడికి వెన్న దాదాపు కరిగే ఉంటుంది.

ఈ ఏర్పాటు ఒక్క పొదుగుదే కాదు. మన ఒంట్లోనైనా పశువు ఒంట్లోనైనా ప్రతి కణం చుట్టూ ఉన్న పొర కొవ్వు ఆమ్లాలతోనే కట్టబడింది. నీటికి ఇష్టమైన తలలు బయటి వైపుకు, ఇష్టం లేని తోకలు లోపలి వైపుకు తిరిగి రెండు వరుసలుగా నిలబడతాయి. ఈ రెండు వరుసల సంగతి 1925లో హాలండులో గోర్టర్, గ్రెండెల్ చెప్పారు. అందులో మాంసకృత్తులు తేలుతూ ఉంటాయని 1972లో సింగర్, నికల్సన్ చెప్పారు. ఆ పొర గట్టిపడితే కణంలోకి రాకపోకలు ఆగిపోతాయి. మరీ పలుచనైతే కణం నిలవదు. ఎన్ని వంపులు ఉండాలో కణం చూసుకుంటూనే ఉంటుంది.

పాలలోకి వచ్చేటప్పుడు ప్రతి వెన్న గోళీ తన్ను కన్న కణపు పొరలోని ఒక తునకను చుట్టుకుని మరీ బయటికి వస్తుంది. ఆ చొక్కా ఉన్నంతవరకు గోళీలు ఒకదానికొకటి అంటుకోవు, పాలలోని ఎంజైము వాటి జోలికి పోలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, డబ్బాల దగ్గర మళ్ళీ అవసరమొస్తుంది.

వెన్న ఎందుకు పడిపోయింది?

ఇప్పుడు ఆ సభ్యురాలి ఆవు దగ్గరకు వద్దాం. గడ్డి తగ్గి పిండిపదార్థం పెరిగితే వెన్న పడిపోతుందన్నది పాత సంగతే. ఇలాంటి పతనాన్ని ఫ్రాన్సులో బూసాంగో 1845లోనే గమనించాడు. చాలాకాలం అందరూ అనుకున్నది ఏమిటంటే, గడ్డి తగ్గింది కాబట్టి ఎసిటిక్ ఆమ్లం తగ్గింది, ముడిసరుకు లేక వెన్న తగ్గిందని. కాని అలాంటి ఆవుల పెద్ద పొట్టలోకి ఎసిటిక్ ఆమ్లం పోసి చూసినా వెన్న పూర్తిగా కోలుకోలేదు. మరి లోపం ఎక్కడ?

పొట్టలో గడ్డి తక్కువై పులుపు ఎక్కువైనప్పుడు సూక్ష్మజీవుల పనితీరు మారుతుంది. నూనెలోని లినోలియిక్ ఆమ్లానికి ఉదజని నింపే దారి పక్కకు తిరుగుతుంది. ఆ పక్కదారిలో, ట్రాన్స్ 10 సిస్ 12 అనే రకం లినోలియిక్ ఆమ్లం పుడుతుంది. అది రక్తంలో పొదుగుకు చేరి, వెన్న తయారుచేసే ఎంజైముల పనిని అణచివేస్తుంది. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో బౌమన్ బృందం 2000లో దీన్ని రుజువు చేసింది. ఆ ఆమ్లాన్ని రోజుకు 10 గ్రాములు మాత్రం పెద్ద పొట్ట దాటించి నాలుగో పొట్టలోకి ఇస్తే ఆవు వెన్న దిగుబడి 40 శాతానికి మించి తగ్గింది. పాల పరిమాణం తగ్గలేదు.

లెక్క సరిపోయిందా? నూకల్లో పిండిపదార్థం. పచ్చి తవుడులో లినోలియిక్ ఆమ్లం గల నూనె దండిగా ఉన్నది. గడ్డి లేదు. మూడూ కలిసిన చోట వెన్న పడక తప్పదు. వెన్న తగ్గి ఇతర ఘనపదార్థాలు తగ్గకపోతే లాక్టోమీటరు రీడింగు కొంచెం పెరుగుతుంది. మీగడ తీసిన పాలకూ అదే గుర్తు. కొట్టం దగ్గర పిండించి చూస్తే తప్ప ఈ రెంటికీ తేడా మన పరికరాలు చెప్పవు.

ఆ ఆవుకు తవుడు, నూకలు కొద్దికొద్దిగా తగ్గించి, సంఘం ద్వారా జొన్నచొప్ప ఇప్పించాం. ముందు చొప్ప, తర్వాతనే దాణా పెట్టమన్నాం. మూడో వారానికి వెన్న 3.8కి వచ్చింది. మేము రాయించిన ఉత్తరాన్ని సంఘ సమావేశంలో అందరి ముందు వెనక్కి తీసుకున్నాం. ఆమె ఏమీ అనలేదు. మాకే కొన్నాళ్ళు ఆ ఊరు వెళ్ళాలంటే సిగ్గనిపించింది.

మరికొన్ని పనులు

కొవ్వు ఆమ్లాలు వెన్నకు, కణాల పొరకు మాత్రమే కాదు, మరెన్నో పనులకు కావాలి. మూడు సంగతులు టూకీగా చెబుతాం.

ఒకటి, ఈనిన కొత్తలో పాలు పొంగుతాయి గాని మేత అంత తినలేదు. అప్పుడు ఆవు తన ఒంటి కొవ్వు కరిగిస్తుంది. ఆ ఆమ్లాలు వరదలా కాలేయానికి వస్తే, చక్కెర చాలక అవి పూర్తిగా కాలవు, కీటోన్లుగా మారతాయి. పశువు దాణా మానేసి గడ్డి మాత్రం కొరుకుతుంది, చిక్కిపోతుంది, ఊపిరి ఒక రకమైన తీపి వాసన వేస్తుంది. వెంటనే పశువైద్యుని పిలవండి. చూడి చివర్లో పశువు మరీ కొవ్వెక్కకుండా చూసుకోవడం దీనికి ముందు జాగ్రత్త.

రెండు, దూడ పుట్టినప్పుడు దాని పెద్ద పొట్ట చిన్న సంచి. దాని గోడ మీద నాలుకల వంటి మొటిమలు పెరిగితేనే గడ్డి సారం పీల్చుకోగలదు. ఆ మొటిమలను పెంచేది ముఖ్యంగా బ్యుటిరిక్ ఆమ్లం. అది గింజల దాణా పులిసినప్పుడు బాగా పుడుతుంది. కనుకనే రెండో వారం నుండి దూడ ముందు కాస్త దూడదాణా పెట్టమంటాం.

మూడు, కొన్ని ఆమ్లాలు ఒంట్లో తయారుకావు, తిండిలో రావాలి. లినోలియిక్ ఆమ్లం అలాంటిదని 1929 తర్వాత అమెరికాలో బర్ దంపతులు ఎలుకల మీద చూపించారు. దాని నుండి పుట్టే అరాకిడోనిక్ ఆమ్లం కణపు పొరలో దాగి ఉండి, అవసరమైనప్పుడు ప్రోస్టాగ్లాండిన్లు అనే సందేశ పదార్థాలుగా మారుతుంది. వీటి మీద పరిశోధనకు 1982లో బెర్గ్‌స్ట్రోమ్, సామ్యుయెల్సన్, వేన్‌లకు నోబెల్ వచ్చింది. గర్భసంచి నుండి వచ్చే ఒక ప్రోస్టాగ్లాండిన్ వల్లనే చూడి కట్టని పశువు మళ్ళీ ఎదకు వస్తుంది. ఎదకు తేవడానికి డాక్టరు వేసే ఇంజక్షన్లలో అదే ఒకటి. అయితే చూడి పశువుకు పొరపాటున వేస్తే ఈసుకుపోతుంది. కనుక పరీక్ష చేయించకుండా ఎవరి చేతా వేయించవద్దు.

పాలు చేతికి వచ్చాక

వెన్న గోళీకి చొక్కా ఉన్నదని చెప్పాం. డబ్బా సగం నింపి బండి మీద కుదుపులతో పంపితే ఆ చొక్కా చిరుగుతుంది. పాలలోని లైపేజు అనే ఎంజైము వెన్నను విరిచి బ్యుటిరిక్ ఆమ్లాన్ని బయటపెడుతుంది. గుంజకు కట్టి ఉన్నంతసేపు వాసన లేని ఆమ్లమే, విప్పితే కనరు వాసన వేస్తుంది. కాచితే ఆ ఎంజైము చచ్చిపోతుంది. కళాయి లేని రాగి, ఇత్తడి గిన్నెల్లో పోసినా, ఎండలో పెట్టినా మరో రకం చెడు వాసన వస్తుంది. అది అసంతృప్త ఆమ్లాలు గాలితో కలిసినందువల్ల.

చివరగా సంఘాలకు మా మనవి:

1. ఒక సభ్యుని వెన్న హఠాత్తుగా పడిపోతే ముందు మేత అడగండి. గడ్డి ఎంత, దాణా ఎంత, పచ్చి తవుడు ఎంత అన్నది రాసుకోండి.

2. చివరి పాలు ఎవరికి పోతున్నాయో అడగండి. మొదటి ధారల్లో వెన్న ఒకటి రెండు శాతమే ఉంటుంది, చివరి పాలలో బాగా ఎక్కువ. దూడకు చివరి పాలు వదిలితే కేంద్రంలో అంకె తగ్గుతుంది. అది దొంగతనం కాదు.

3. నమూనా తీసేముందు పాలు బాగా కలపండి. పరికరం సరిగా ఉన్నదో లేదో చూసుకోండి.

4. అనుమానం తీరకపోతే కొట్టం దగ్గర రెండు పూటలా పిండించి పరీక్షించండి. అది చేయకుండా ఎవరికీ ఉత్తరం రాయవద్దు.

5. వేసవికి గడ్డి నిలవ గురించి సంక్రాంతి నాటికే సంఘంలో మాట్లాడుకోండి. వెన్న కాపాడుకోవడం అక్కడ మొదలవుతుంది.

బ్యుటిరోమీటరులో కనిపించే ఆ పసుపు గీత వెనుక గడ్డివాము, పెద్ద పొట్ట, పొదుగు, వాటి మధ్య ఒక మనిషి చాకిరీ ఉన్నాయి. గీత చూసి అంకె వేయడం పరీక్షకుని పని. ఆ అంకె ఎందుకు వచ్చిందో అడగడం సంఘం పని.